ఐదు నున్నని రాళ్ళు

బూదాయ్, ఉప్పు కాలువ గట్టు
20 ఫిబ్రవరి 2023

అమ్మాయి ఈలిన్‌కు,

ఎర్ర సముద్రం దాటి దాహంతో నడిచినవాళ్ళకు పన్నెండు నీటిబుగ్గలూ డెబ్బై ఈతచెట్లూ దొరికిన చోటు ఏలీము. నువ్వు పుట్టినప్పుడు ఆ పేరును మన పలుకులో ఈలిన్ అని నీకు పెట్టినవాణ్ణి నేనే. ఆ హక్కుతోనే ఇవాళ చెంబు పట్టుకుని నీ గడపలో నిలబడ్డాను.

గుడిలో ప్రసంగ వేదిక కింద పెట్టుకునే నా పాత కంప్యూటరు ప్రాణం విడిచేలా ఉంది. దాని ఫ్యాను గట్టెక్కలేని గాడిదలా ఒగరుస్తోంది. డీకన్ కో ఆ సంగతి విని, తన కొట్లో మూలపడి ఉన్న పెట్టె ఒకటి మోసుకొచ్చాడు. చేపల చెరువులకు మోటార్లూ, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లూ అమ్మే కో బెంగ్చియోంగే, చిన్నప్పుడు నిన్ను ట్రక్కు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. "పాత కాపురం ఖాళీ చేయించాను గురువుగారూ, మీ సామాను మీరు దించుకోండి," అన్నాడు. స్క్రీన్ తేలేదేమని మీ పెద్దమ్మ అడిగితే, "ఆయనకెందుకమ్మా, మీరు సీరియళ్ళు చూడటానికా?" అన్నాడు. నిజమే. పదకొండో ఏట తట్టు పోసి కళ్ళు పట్టుకుపోయింది మొదలు నాకు అద్దాలతో పని లేదు. వారమంతా మర్దన గదిలో జనం వీపులు పిసుకుతాను, ఆదివారం వాళ్ళ హృదయాలు పిసుకుతాను. రెండింటికీ చేతులు చాలు.

నువ్వు షిన్‌చూలో పెద్ద యంత్రాలకు కాపలాదారువి. మిషనును నడిపే లినక్స్ నేను ఏ గమలీయేలు గురువు పాదాల దగ్గరా కూర్చోకుండా నేర్చుకున్నాను గానీ, కొత్త మిషనులో ఏ ప్రోగ్రాముల మూటలు, అదే ప్యాకేజీలు, దించాలో ఏవి వద్దో తేల్చడం నీ పని. పెన్‌డ్రైవ్ పంపితే మీ పెద్దమ్మ గుచ్చుతుంది. మిగతాది నువ్వు అక్కణ్ణుంచే చెయ్యి.

నా షరతు మాత్రం విను. గిద్యోను వెంట ముప్పై రెండు వేలమంది వచ్చారు. ఎక్కువయ్యారన్నాడు దేవుడు. భయపడ్డవాళ్ళు ఇంటికి పోయారు. ఇంకా ఎక్కువే అన్నాడు. ఏటి ఒడ్డున చేత్తో నీళ్ళు గతికిన మూడు వందలమంది మిగిలారు, మిద్యాను కూలింది. నా పాత మిషను ఎందుకు చచ్చిందంటావు? కనబడ్డ ప్యాకేజీనల్లా లోపలికి రానిచ్చాను గనుక. ఈసారి నాకు ఐదే కావాలి. బైబిలు పాఠం. కీర్తనల పుస్తకం. ఉత్తరాలు పంపుకునేది. ప్రసంగం రాసుకోవడానికి ఏ అలంకారమూ లేని రాతపలక. మీ పెద్దమ్మ పాలబొంత చేపల చెరువులో కో బిగిస్తానంటున్న ఆక్సిజన్ పెట్టె కబురు పంపితే అందుకునేది. గొల్యాతు మీదికి వెళ్తూ దావీదు వాగులో ఏరుకున్న నున్నని రాళ్ళు ఐదు. ఆరోది ఏరలేదు. ఈ ఐదింటిలో లేనిదీ, ఈ ఐదింటికి అడ్డం వచ్చేదీ ఏదైనా సరే, నన్ను రెండోసారి అడగొద్దు, తీసి పారేయి.

ఎందుకింత పట్టుదల అంటావేమో. ఈస్టరు తెల్లవారుజామున ప్రసంగం నాది. ఆ తర్వాత రెండు వారాలకు సంఘ సమావేశం. చదువుకున్న పాస్టరును పిలవాలని కో ప్రతిపాదించాడు. పదిహేడేళ్ళుగా వేదిక మోస్తున్న గుడ్డివాడు చాలా, చాలడా అన్నది తేలేది అప్పుడే. కనుక ఆ రోజు నా చేతిలో వడిసెల జారకూడదు.

ఉప్పు గాలికి తుప్పు పట్టని ప్రేమతో,
నీ పెదనాన్న
ఔ థియెన్సూ


షిన్‌చూ
24 ఫిబ్రవరి 2023

పెదనాన్నగారికి,

మీ చెంబు అందింది. మీ జాబితా మా గదిలో చదివి వినిపిస్తే అందరూ పని ఆపి నా వైపు తిరిగారు. పక్క సీటు అతను, "ఐదేనా? మా అమ్మ కూరలకు వెళ్తే తోటకూర ఒక్కటి కొనడానికి ఏడు సంచులు తెస్తుంది," అన్నాడు.

మీకు కోపం వస్తుందని తెలిసే చెబుతున్నాను. ఐదుగురు ఎప్పుడూ ఐదుగురుగా రారు. విందుకు ఒక మామయ్యను పిలిస్తే గుండ్రటి బల్ల చుట్టూ పదిమంది కూర్చుంటారు కదా, అలాగే ఒక ప్యాకేజీని పిలిస్తే తనకు ఆధారమైనవాటిని వెంటబెట్టుకుని వస్తుంది. వాటికి ఆధారమైనవి వాటి వెనక. పైగా మీరూ నేనూ పిలవకపోయినా ఇంటి పునాదితోపాటు వచ్చేవి కొన్ని. లెక్క చూస్తే మీ ఐదు రాళ్ళ వెనక ఐదువందల ఎనభై ఉన్నాయి. అయినా మీ మాటే నా నియమం. వీలైనంత కోస్తాను.

ఒకటి మీరు మర్చిపోయారు. మీకు చదివి వినిపించే ఆ బొంగురు గొంతు. అది లేకుండా ఎలా చదువుతారు? మీరు చెప్పకపోయినా పెడుతున్నాను. స్పీకరులోంచి అది "యోబు గ్రంథము" అని మొదలుపెట్టగానే చిన్నప్పుడు నేను పెద్దమ్మ వెనక దాక్కునేదాన్ని.

ఇక్కడ యంత్రాల గదిలో ప్రతి బీరువా నెత్తినా ఆకుపచ్చ కవరు మొక్కజొన్న చిరుతిళ్ళు పెట్టారు, మిషన్లు బుద్ధిగా ఉంటాయట. గడువు దాటిన కవరు ఉంటే మా పెద్ద ఇంజినీరు లోపలికే రాడు. పెద్దమ్మకు చెప్పండి, నవ్వుకుంటుంది. మీరు నవ్వరని తెలుసు.

పెన్‌డ్రైవ్ విడిగా పోస్టులో వస్తుంది.

ఈలిన్


బూదాయ్
21 మార్చి 2023

ఈలిన్‌కు,

కొత్త మిషను లేచి నడుస్తోంది. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్ళు పడుకున్నవాడు కూడా ఇంత చురుగ్గా లేచి ఉండడు. కీర్తనలు నూట పంతొమ్మిదో అధ్యాయం అడిగితే చప్పరించేలోగా ముందు పెడుతోంది.

అయితే ఐదువందల ఎనభై అన్న మాట చదివి నేను మూడు రోజులు తేరుకోలేదు. నా ఇంట్లో నాకు పేరు తెలియని ఐదువందల ఎనభైమంది కాపురం ఉంటున్నారా? వాళ్ళు ఏం తింటున్నారు, ఏం చేస్తున్నారు? శరీరానికి అవయవాలు అనేకమని పౌలు రాశాడు, ఒప్పుకుంటాను. కానీ చెయ్యి నరికితే నొప్పి తెలుస్తుంది. వీటిలో ఒకదాన్ని నరికితే ఎవరికి తెలుస్తుంది? నాకనిపిస్తుంది, ఎవరికీ తెలియదు, కనుక నరకవచ్చు. నా మాట మీదే ఉన్నాను.

గొంతు పెట్టానన్నావు. ఉండనీ.

చిరుతిండి కవర్ల సంగతి విని నాకు ఒళ్ళు మండింది. బంగారు దూడకు, మొక్కజొన్న పొట్లానికి తేడా వెల ఒక్కటే. చదువుకున్న పిల్లలు యంత్రం నెత్తిన నైవేద్యం పెట్టి దండం పెట్టడమా? "దండం పెట్టరు, ఊరికే పెడతారు," అని మీ పెద్దమ్మ వకాల్తా పుచ్చుకుంది. హవ్వ కూడా ఊరికే చూశానంది.

ఈస్టరు ముందు శనివారం కో గుడికి వచ్చి ఆక్సిజన్ పెట్టె తాలూకు కొసను మిషనుకు గుచ్చుతాడట. పెట్టె చెరువులో తేలుతుంది. గాలిలో వచ్చిన కబురును ఈ వేలెడు కొస పట్టుకుంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే మీ పెద్దమ్మ ఫోనూ కో ఫోనూ మోగుతాయి. చెరువు ఉప్పు మడుల అవతల కిలోమీటరు దూరం కదా, ముసలామె అస్తమానం పరుగెత్తలేదు. ఏదైనా మొరాయిస్తే కో నీతో మాట్లాడతాడు. నన్ను పిలవొద్దు. శనివారం ఉపవాసం, మిషను ముట్టను. మోషే కొండ ఎక్కితే కింద ఎవరూ కేకలు వెయ్యకూడదు.

నీ పెదనాన్న


షిన్‌చూ
8 ఏప్రిల్ 2023, శనివారం

పెదనాన్నగారికి,

రేపు ఉదయం వేదిక ఎక్కేముందు మీరు మిషను తెరవగానే ఇది ఉండాలని ఇప్పుడే పంపుతున్నాను.

మధ్యాహ్నం కో బాబాయ్ ఫోన్ చేశారు. కొస గుచ్చినా మిషను చూడటం లేదన్నారు. నేను ఇక్కణ్ణుంచి లోపలికి వెళ్ళి చూశాను. మీ ఐదింటిలో లేనిది ఒకటి దాన్ని లాక్కుంటోంది. అది పునాదితోపాటు దానంతట అదే వచ్చే ప్యాకేజీ. వేళ్ళతో చదివే బ్రెయిలీ పలకలను నడుపుతుంది. ఈ రకం కొస ఏది కనబడినా తన పలకే అనుకుని పట్టుకుని వదలదు. మా వృత్తిలో అందరికీ దీనితో తగువే, అందరం మొదట తీసేసేదీ దీన్నే. మీకు గొంతు ఉంది కదా. మీ నియమం ప్రకారం రెండోసారి అడగకుండా తీసేశాను. తీసిన క్షణంలో ఆక్సిజన్ పెట్టె పలికింది. కో బాబాయ్ ఫోనులోనే చప్పట్లు కొట్టారు.

చదివానని ఒక్క మాట రాయండి. రేపటి ప్రసంగం మీదే నా మనసంతా.

ఈలిన్


బూదాయ్
10 ఏప్రిల్ 2023

ఈలిన్‌కు,

ఈ అక్షరాలు నావి కావు, మీ పెద్దమ్మవి. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. (రాస్తున్నాను. నిన్నటినుంచి ఈయన అన్నం ముట్టలేదు. – పెద్దమ్మ) అది రాయమనలేదు. కొట్టెయ్యి. (కొట్టెయ్యను.)

నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటి ఉంది. రెండేళ్ళుగా నేను మిషను గొంతు వినడం లేదు. నా కుడి చెవి పోయింది, ఎడమది పోయే దారిలో ఉంది. కళ్ళు లేనివాణ్ణి వేదిక మీద నిలబెట్టారు, చెవులు కూడా లేవంటే నిలబెడతారా? అందుకని ఎవరికీ చెప్పలేదు. స్పీకరు పిల్లల బడికి ఇచ్చేశాను. అప్పటినుంచి నాకు దిక్కు చుక్కల పలక. మూరెడు పొడవు, నలభై గళ్ళు. ఒక్కో గడిలో సూదిమొనలు లేస్తాయి, పడతాయి. వేలు నడిపితే వాక్యం. అది వచ్చాక నా బ్రెయిలీ బైబిలు ముప్పై రెండు సంపుటాలనూ పెంగ్‌హూ దీవిలో చూపులేని ఒకావిడకు పంపేశాను. ఓడను తగలబెట్టి ఒడ్డెక్కినవాణ్ణి నేను.

నిన్న తెల్లవారుజామున గుడి నిండింది. "ఆయన ఇక్కడ లేడు, లేచాడు" అన్న చోట మొదలుపెట్టాలి. వేదిక మీద పలక పెట్టుకుని వేళ్ళు ఆనించాను. ఏమీ లేదు. తుడిచిన రాయి. నలభై గళ్ళూ శవం నుదురులా చదునుగా, చల్లగా. మీటలు నొక్కాను. తీగ తీసి గుచ్చాను. సమాధి దగ్గరికి పరుగెత్తిన పేతురుకు కనీసం మడిచిపెట్టిన బట్టలు కనబడ్డాయి. నాకు అదీ లేదు. అమ్మాయీ, యాభై ఏళ్ళు నేను కళ్ళు లేకుండా బతికాను, గుడ్డివాణ్ణని నాకు తెలిసింది మాత్రం నిన్ననే.

తడుముకుంటూ వేదిక కిందికి చెయ్యి పెడితే మిషను నెత్తిన గలగలమంది. కవరు. నువ్వు రాసిన ఆ చిరుతిండి నైవేద్యం, ప్రభువు వేదిక కింద. శనివారం ఆ మిషనును ముట్టినవాడు ఒక్కడే. నా వేదిక మరొకడికి ఇప్పించాలని చూస్తున్నవాడూ అతడే. నాకు యెరికో గుర్తొచ్చింది. శపితమైన సొమ్మును గుడారంలో దాచిన ఆకాను వల్ల ఇశ్రాయేలు అంతా వెన్ను చూపింది. నా కుడివైపు మూడో బల్ల చివర, ఇరవై ఏళ్ళుగా కో కూర్చునే చోటు నాకు కళ్ళున్నవాళ్ళకన్నా బాగా తెలుసు. ఆ చోటికి వేలు చాపాను. "శపితమైనది మన మధ్య ఉంది. దాచినవాడు అదిగో అక్కడ ఉన్నాడు. కో బెంగ్చియోంగ్, లే. గుడ్డివాడి కర్ర విరిచినవాడా, లేచి ఒప్పుకో," అన్నాను. ఊపిరి కూడా వినబడలేదు. అంత నిశ్శబ్దం పదిహేడేళ్ళలో నేను ఎరగను. వాక్యం ఎముకల దాకా దిగిందని తెలిసింది. వాడు లేవలేదు, నోరెత్తలేదు. దీవెన చెప్పి దిగాను.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. మిషనులోకి వెళ్ళి, వాడు ఏం పాడుచేశాడో చూసి, సమావేశంలో చదివేలా రాసి పంపు.

నీ పెదనాన్న

ఆయన పెరట్లోకి వెళ్ళారు, గబగబా రాస్తున్నాను ఈలిన్. ఆ బల్ల ఖాళీగా ఉంది. కో రాలేదు. ఈయన ఖాళీ బల్లకు వేలు చూపించి అరుస్తుంటే గుడిలో అందరం అటూ ఇటూ చూసుకున్నాం. పిల్లలు కూడా నవ్వలేదు. ఆరాధన అయ్యాక ఫోన్ తెరిస్తే కో దగ్గరనుంచి పదకొండు పిలుపులు. ఏరియేటరు ఆగిపోయి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచాయట, ఐదింటికి అతని ఫోను మోగిందట. నేను పరుగెత్తుకెళ్ళేసరికి నడుముదాకా నీళ్ళలో ఉన్నాడు. వేరే ఏరియేటరు ఒక్కడే ట్రక్కులోంచి దించి లాక్కొచ్చి వేశాడు. చేపలు బతికాయి. అతని భుజం మాత్రం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు. "ఈస్టరు ఎలా జరిగింది వదినా?" అని అడిగాడు. నేనేం చెప్పను? సాయంత్రానికి వాళ్ళావిడ చెప్పేసింది. ఇంకోటి, ఆ చిరుతిండి కవరు నేను పెట్టాను. నువ్వు రాసింది విని, ఆయన ప్రసంగం బాగా జరగాలని పెట్టాను. ఈయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నాకు ధైర్యం లేదు. ఎలా చెప్పాలో నువ్వే చెప్పు.
– స్యూకీ


షిన్‌చూ
13 ఏప్రిల్ 2023

పెద్దమ్మా, ఈ ఉత్తరం ఆయన ఎడమ చెవి దగ్గర కూర్చుని మొత్తం చదువు. ఒక్క మాట మింగొద్దు.

పెదనాన్నగారికి,

మీ పలకను చంపింది నేను.

మీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. శనివారం మధ్యాహ్నం రెండుంపావుకు, మీ మిషనుకు ఒక్క వరుస ఆజ్ఞ టైపు చేశాను. ఆ సంగతి మీకు వెంటనే రాశాను కూడా. ఆ ఉత్తరం మీ మిషనులోనే ఉంది. మీరు దాన్ని చదవాలంటే నేను తీసేసిన ప్యాకేజీయే కావాలి.

ఆ వరుసను నేను ఎన్నిసార్లు టైపు చేశానో లెక్క లేదు. ఇంటర్నెట్‌లో ఎవరైనా "నా కొస కనబడటం లేదు" అని అడిగితే వందమంది "అది తీసెయ్, ఎవరికీ అక్కర్లేదు" అంటారు. వాళ్ళకు వెయ్యిమంది థాంక్స్ చెబుతారు. ఆ వెయ్యిమందిలో నేనూ ఉన్నాను. ఎవరికీ అక్కర్లేదన్న చోట మా పెదనాన్న వేళ్ళున్నాయని నాకు తెలియదు. తెలియకపోవడం నా తప్పు. కళ్ళు లేనివారి మిషనులోంచి బ్రెయిలీ తీస్తూ, ఎలా చదువుతున్నారని ఒక్క మాట అడగలేదు.

మీరు నన్ను అబద్ధమాడొద్దని పెంచారు కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఫిబ్రవరి ఇరవైన మీరు రాసిన వాక్యం: "ఈ ఐదింటిలో లేనిదీ, ఈ ఐదింటికి అడ్డం వచ్చేదీ ఏదైనా సరే, నన్ను రెండోసారి అడగొద్దు, తీసి పారేయి." మీ ఐదింటిలో మీ పలక లేదు పెదనాన్నా.

కో బాబాయ్ మిషనులో దేన్నీ ముట్టలేదు. కొస గుచ్చారు, నాకు ఫోన్ చేశారు. కవరు పెట్టింది పెద్దమ్మ.

ఇక ఇది. పెద్దమ్మా, ఆపకుండా చదువు. మీరు వేలు చూపించినప్పుడు మూడో బల్ల చివర ఎవరూ లేరు. కో బాబాయ్ ఆ సమయంలో మీ చెరువులో నడుములోతు నీళ్ళలో ఉన్నారు. చేపలు ఊపిరాడక తేలితే ఆయన ఫోను మోగింది. మోగడానికి కారణం శనివారం నేను ఆ ప్యాకేజీ తీసెయ్యడం. మీ వేళ్ళు తీసి మీ చేపలకు ఊపిరిచ్చాను. ఏది ముందు రాయాలో, ఏది తర్వాత రాయాలో నాకు తెలియడం లేదు.

ప్యాకేజీని నిన్న వెనక్కి పెట్టాను. "ఆ ఒక్క కొస జోలికి వెళ్ళకు" అని దానికి ఒక వరుస రాసిచ్చాను. ఇప్పుడు పలకా పెట్టే రెండూ బతుకుతాయి. పది నిమిషాల పని. శనివారమే చెయ్యాల్సింది. తీసెయ్యడం తేలికని తీసేశాను.

వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి.

ఈలిన్


బూదాయ్
17 ఏప్రిల్ 2023

ఈలిన్‌కు పెద్దమ్మ రాస్తున్నది,

చదివాను. మింగలేదు. "ఎవరూ లేరు" అన్న ముక్క మూడుసార్లు చదివించుకున్నారు. తర్వాత మా మాటలు ఇవి.

"ఎంతమంది చూశారు?"

"డెబ్బై ముగ్గురు. పిల్లలతో."

"ఒక్కరూ చెప్పలేదా?"

"మీరు చెప్పనిస్తేగా."

"నువ్వు?"

"నేను ఆడమనిషిని, గుడిలో మాట్లాడకూడదని మీరే కదా పోయిన నెల పౌలును చదివారు."

నేనైతే ఆ దెబ్బతో అరుస్తారనుకున్నాను. అరవలేదు. గుడిలోకి వెళ్ళి వేదిక ముందు కూర్చున్నారు. పలక లేచింది, నేను చూశాను, చుక్కలు నిలబడి ఉన్నాయి. ఈయన చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి. "ఉజ్జా దేవుని మందసం మీద చెయ్యి వేసి చచ్చాడు, నేను ఇంకా చావలేదేం?" అన్నారు. నిన్న ఆదివారం ప్రసంగం చెప్పలేదు. కీర్తనలు పాడించి పంపేశారు. కో రాలేదు. ఈయన కర్ర పట్టుకుని కొట్టుకు వెళ్తే, వాళ్ళావిడ అతను ఆసుపత్రికి వెళ్ళాడంది. ట్రక్కు ముంగిట్లోనే ఉందట, ఇంజను వేడి ఈయన ముఖానికి తగిలిందట. అతను ఇంట్లోనే ఉన్నాడని తెలిసి తిరిగి వచ్చేశారు.

సమావేశం ఇరవై మూడున. చేపలు బాగున్నాయి. నువ్వు సరిగా తిను.

– స్యూకీ


బూదాయ్
24 ఏప్రిల్ 2023

ఈలిన్‌కు,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. రాసిన ప్రతి మాటా నా వేళ్ళ కింద లేచి నిలబడుతోంది, తప్పు రాస్తే గుచ్చుతోంది.

పొరుగువాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను కోసుకుతిన్న ధనవంతుడి కథ నాతాను ప్రవక్త చెప్పినప్పుడు, ఆ మనిషికి మరణశిక్షే అన్నాడు దావీదు. ఆ మనిషివి నువ్వే అన్నాడు నాతాను. ఈ అధ్యాయం మీద నేను తొమ్మిదిసార్లు ప్రసంగించాను. తొమ్మిదిసార్లూ నాతాను పక్కనే నిలబడి చెప్పాను. దావీదు కూర్చున్న చోట నన్ను కూర్చోబెట్టడానికి షిన్‌చూనుంచి నా ఉత్తరమే నాకు తిరిగి రావాల్సి వచ్చింది. నువ్వు ఏడవకు. నువ్వు టైపు చేసింది నేను చెప్పిన వాక్యం.

నిన్న వేదిక ఎక్కాను. ఎక్కేముందు మీ పెద్దమ్మను పక్కన నిలబెట్టుకుని అడిగాను, "మూడో బల్ల చివర ఎవరున్నారు, నిజం చెప్పు." "ఎవరూ లేరు," అంది. "మంచిది. పాపం చేసింది ఖాళీ బల్ల ముందే కదా," అన్నాను. బైబిలు తెరవలేదు. ఫిబ్రవరి ఇరవై నాటి నా ఉత్తరం పలక మీదికి తెచ్చుకుని వేలితో చదివి వినిపించాను, గిద్యోనుతో సహా, ఐదు రాళ్ళతో సహా. తర్వాత నా చెవుల సంగతి చెప్పాను. తర్వాత, కో బెంగ్చియోంగ్ ఏ పాపమూ ఎరగడనీ, ఆ గంటలో అతడు నా ఇంటి అన్నం కాపాడుతున్నాడనీ చెప్పాను. గిద్యోను సైన్యాన్ని ఏరింది దేవుడు, గిద్యోను కాదు, ఆ తేడా నేను పదిహేడేళ్ళు దాటేశాను అని చెప్పి దిగిపోయాను. ఎవరో ముసలామె ముక్కు చీదింది. సమావేశం జరగలేదు. ప్రతిపాదించినవాడు రాకుండా ఎలాగని వాయిదా వేశారు.

ఇక ఇవాళ. మధ్యాహ్నం నా మర్దన గది తలుపు తెరుచుకుంది. వచ్చినవాడు మాట్లాడలేదు. చెప్పులు విప్పి, మూలిగి, బల్ల మీద బోర్లా పడుకున్నాడు. నేను ఎవరని అడగలేదు. వీపు మీద చెయ్యి వేశాను. ముసలి ఇస్సాకు మేకపిల్ల తోలు కప్పిన చేతులు తడిమి మోసపోయాడు. నా చేతులు మోసపోలేదు. కుడి భుజం కింద, రెక్క ఎముక వెనక, తాడులా మెలిపడ్డ కండ. బరువైనది ఒంటిచేత్తో, నీళ్ళలో, తొందరగా లాగితే తప్ప ఆ మెలి పడదు. నాలుగు పదుల ఏళ్ళుగా వీపులు చదువుతున్నాను గానీ, నా పేరు రాసి ఉన్న వీపు ఇదే మొదటిది.

"బెంగ్చియోంగ్, నేను నిన్ను," అని మొదలుపెట్టాను.

"గట్టిగా నొక్కండి గురువుగారూ. ప్రసంగం నిన్న చెప్పారట కదా, మళ్ళీ నాకొక్కడికి ఎందుకు?"

"వచ్చి వినాల్సింది."

"వద్దామనుకున్నా. మొన్నోసారి రాకపోతేనే అంత మంచి ప్రసంగం వచ్చింది, మళ్ళీ చూద్దామని ఆగాను."

నొక్కాను. కో నవ్వలేదు, నేనూ నవ్వలేదు. తర్వాత ముఖం దిండులోనే ఉంచి నెమ్మదిగా అన్నాడు. "మా ఆవిడ నాకు చెప్పినప్పుడు నేను తడిబట్టల్లోనే ఉన్నాను. ఒక గంట అలాగే కూర్చున్నాను. అది మీకు తెలియాలి."

"తెలియాలి," అన్నాను.

"పాస్టరు జులైలో వస్తాడు. అందరం అనుకున్నదే. నెలలో రెండో ఆదివారం మాత్రం వేదిక మీకే. నా ప్రతిపాదనలో అది మొదటినుంచీ ఉంది. సగం విని లేచి వెళ్ళిపోయారు మీరు."

నాకు ఆ రెండో సగం వినబడనే లేదు అమ్మాయీ. ఆ రోజు అతను నా కుడి పక్కన కూర్చున్నాడు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. అతనే అందుకున్నాడు.

"తెలుసులెండి. రెండేళ్ళుగా తెలుసు. ఎవరైనా కుడివైపునుంచి పలకరిస్తే మీరు ఎడమవైపు తిరిగి నవ్వుతారు. అది తెలిసి కూడా ఆ వైపు కూర్చుని చెప్పడం నా తప్పు."

చెయ్యి చాపించాను. చెవిదాకా లేచింది, పైకి రాలేదు. ఇంకా నాలుగుసార్లు రావాలన్నాను. వస్తానన్నాడు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు. ఈసారి నా ఎడమ చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు.

"వచ్చే ఆదివారం అటు బల్ల మీద కూర్చుంటాను గురువుగారూ. మళ్ళీ వేలు చూపించాలనిపిస్తే ఎడమవైపు చూపించండి. నేనేమన్నా అంటే మీకు వినబడుతుంది."

నీ పెదనాన్న
థియెన్సూ